ఉల్లిపొట్టు రంగు

ఫిబ్రవరి 6

చిన్నోడా,

నీ చేతిరాత చూసి ఏడాదిన్నర అయింది. ఆ వచ్చింది కూడా ఉత్తరం కాదు, మీ షెడ్డు క్యాలెండరు కాగితం వెనక గిలికిన నాలుగు ముక్కలు. సరే, తమ్ముణ్ణి తిట్టుకోవడానికి స్టాంపు ఎందుకు దండగ. పని పడి రాస్తున్నాను.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. ముప్పయ్యేళ్లు ఆ కార్ల రంగు షెడ్డులో కంప్రెసరు పక్కన నిలబడి రెండు చెవులూ దానికే అప్పజెప్పావు. క్రితంసారి నేను అరిచి చెప్పిందంతా మా వీధి వీధంతా విన్నది, నువ్వు తప్ప. అందుకే కాగితం.

మా కారుకి డ్రైవరు వైపు తలుపు మీద గీత పడింది. హ్యాండిలు కింద మొదలై మూరెడు పొడవున పోయింది. గేటు స్తంభానికి రాసుకుంది. ఎప్పుడు, ఎవరు అని అడక్కు. ఆ తలుపు ఒక్కదానికి రంగు వెయ్యాలంటే ఎంతవుతుందో రాయి.

మూరెడు గీతకి ఇంత గొడవెందుకంటావేమో. మీ బావ. రోజూ పొద్దున్నే ఆరింటికి నడకకి బయల్దేరతారు కదా, గేటు తియ్యగానే ఆ గీత కళ్లబడుతుంది. "ఎవరు చేశారీ పని?" అంటారు. నిన్నా అడిగారు, మొన్నా అడిగారు, రేపూ అడుగుతారు. ప్రతిరోజూ అప్పుడే మొదటిసారి చూసినట్టే, ప్రతిరోజూ అంతే కోపం. పక్కింటి టైలరు స్కూటరు మీద అనుమానం. టైలరు మెతక మనిషి. మొదటి వారం చేతులు జోడించి "నేను కాదండీ" అన్నాడు. రెండో వారం నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు ముందు గుమ్మం మానేసి వెనక సందులోంచి షాపుకి పోతున్నాడు. నాకు తలెత్తుకోవాలంటే సిగ్గుగా ఉంది.

కాస్త మతిమరుపు, అంతే. వయసుది. నువ్వు మీ ఆవిడతో చెప్పి, ఆవిడ వాళ్లమ్మతో చెప్పి, డప్పు కొట్టకండి. నడక మాత్రం మానలేదు. సర్వేయరు బుద్ధి ఎక్కడికి పోతుంది? రిటైరై ఆరేళ్లయినా అడుగులు లెక్కపెట్టుకుంటూ పోతారు, లెక్కపెట్టుకుంటూ వస్తారు. మలుపు నుంచి మా గేటుకి రెండు వందల ఇరవై. మా వీధి నీకు గుర్తుందో లేదో, నలభై ఇళ్లు, ఒకే మేస్త్రి ఒకే కొలతలో కట్టినవి. అదే గేటు, అదే గోడ, అవే మూడు మెట్లు. మా కారు కనపడితే మీ బావ అక్కడ ఆగి లోపలికొస్తారు.

తలుపు ఖర్చు రాయి. మరదల్ని అడిగానని చెప్పు.

అక్క

*

ఫిబ్రవరి 12

అక్కా,

నీ ఉత్తరం సరిగ్గా చేతులకి పుట్టీ ఉన్నప్పుడు వచ్చింది. తుడుచుకునే ఓపిక లేక అలాగే చింపాను. ఇప్పుడు నీ అక్షరాల మీద నా వేలిముద్రలు ఎండి గట్టిపడిపోయాయి. మీ మరదలు చూసి, పోలీసులకి సాక్ష్యం పనికొస్తుందంది.

ఒక్క తలుపుకి రంగు వెయ్యమంటున్నావు. ఈ మాట ఇంకెవరన్నా అంటే మర్యాదగా షెడ్డు గేటు దాకా సాగనంపేవాణ్ణి. పద్నాలుగేళ్లు ఎండలో మాడిన బండి అది. పక్కన కొత్తగా వేసిన తలుపు పెడితే పాత చొక్కాకి కొత్త జేబు కుట్టినట్టు ఉంటుంది. చూసినవాడు నీ తమ్ముడు వేశాడని చెప్పుకుంటే నా పరువేం కాను?

ఖర్చు అడిగావు కనుక చెబుతున్నాను. బయటివాళ్లకైతే ఒక్క తలుపు నాలుగు వేలు. మొత్తం బండి అయితే, పాత రంగు గీకడం, పుట్టీ, ప్రైమరు, మూడు కోట్లు రంగు, పైన మెరుపు కోటు, అన్నీ కలిపి నలభై వేలు. నీకు ఏ లెక్కా లేదు. బండి పంపించు చాలు.

బావకి మతిమరుపు కొత్తా? మీ పెళ్లి రోజే చెప్పులు మర్చిపోయి ఒట్టికాళ్లతో బస్సెక్కిన మనిషి. నువ్వు ఊరికే బెంగపెట్టుకుంటావు. కానీ ఒక్కటి మాత్రం మర్చిపోయి ఉండరు. ఆ కారు కొన్న రోజు. ఆఫీసు వాళ్లందరి ముందు నేను "బావా, వంకాయకి చక్రాలు పెట్టించారేంటి?" అన్నాను. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. "నా కారు మీద నీ చెయ్యి పడితే ఒట్టు" అన్నారు. నేనూ పౌరుషం కొద్దీ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. ఆ వచ్చినవాణ్ణి మళ్లీ మీ గుమ్మం తొక్కలేదు. మీరిద్దరూ ఇటు రాలేదు. ఒక్క వెధవ జోకుకి పద్నాలుగేళ్లు.

ఎవరికీ చెప్పలేదు గానీ అక్కా, అది మంచి రంగు. ఆ రోజు ఎండలో ఆ వంకాయ రంగు చూసి నాకు కుళ్లు పుట్టింది. అలాంటి బండి నేను ఎన్నడూ కొనలేనని తెలుసు, అందుకే నోరు జారాను.

బావకి చెప్పి పంపిస్తావో చెప్పకుండా పంపిస్తావో నీ ఇష్టం. పంపించు.

నీ
చిన్నోడు

*

ఫిబ్రవరి 19

చిన్నోడా,

పద్నాలుగేళ్ల తర్వాత బుద్ధొచ్చింది. సంతోషం. మీ బావ ఆ ఒట్టు సంగతి ఎత్తగా నేనెన్నడూ వినలేదు. నువ్వు వచ్చి గుమ్మంలో నిలబడితే కుర్చీ వెయ్యమనేవారే. ఇద్దరిలో ఎవరూ ఆ పని చెయ్యలేదు.

కారు పంపిస్తాను. టైలరుకి తెలిసిన డ్రైవరొకాయన ఉన్నాడు, మార్చి ఒకటిన తెస్తాడు. ఈ తలుపు గోల వదులుతుందంటే టైలరు డ్రైవరు కూలీ కూడా తనే ఇస్తానన్నాడు, నేనే వద్దన్నాను.

కానీ చెప్పింది చెప్పినట్టు చెయ్యి. తలుపు ఒక్కటే. మిగతా బండి జోలికి పోకు. నీ వంకాయ ఎప్పుడో పోయింది. మా వీధిలో చెట్టు నీడ కూడా లేదు, ఎండంతా దాని నెత్తినే. ఇప్పుడది ఉల్లిపొట్టు రంగు. పైకప్పు ఇంకా తెల్లబడింది. బాగా లేదని నాకూ తెలుసు. కళ్లకి అలవాటైపోయింది, మీ బావకి ఆ రంగు గుర్తు. తలుపుకి కూడా ఆ ఉల్లిపొట్టు రంగే కలిపి వెయ్యి.

ఇంకో సంగతి. నా దగ్గర తలుపుకి సరిపడా డబ్బే ఉంది. పింఛను మందులకీ ఇంటికీ బొటాబొటీగా సరిపోతోంది. కాబట్టి నలభై వేల మాట నాతో అనకు. నాలుగు వేలు డ్రైవరు చేతికిస్తాను. వద్దని తిప్పి పంపావా, ఇంక నీకు ఉత్తరం రాయను.

నీ దగ్గు తగ్గిందా? మూతికి గుడ్డ కట్టుకుని వేస్తున్నావా, వీరుడిలా గాలి పీలుస్తూనే వేస్తున్నావా?

అక్క

*

మార్చి 4

అక్కా,

బండి చేరింది. షెడ్డులోకి తోలించి, తలుపులన్నీ తెరిచి, చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. నన్ను చూసి నా దగ్గర సొట్టలు తీసే డెంటరు పెళ్లిచూపులా అన్నాడు. పాపం, ఎంత ముసలిదైపోయింది. నువ్వు రాసింది నిజమే, ఉల్లిపొట్టు. చేత్తో రాస్తే రంగు పొడిలా అరచేతికి అంటుకుంది.

డ్రైవరు వైపు తలుపు అడుగంతా తుప్పు తినేసింది. పుట్టీ పెడితే రెండు వర్షాలకి ఊడి పడుతుంది. పాత సామాన్ల వాడి దగ్గర అదే మోడలు తలుపు గట్టిది దొరికింది, అది బిగించాను. నీ గీత తలుపు షెడ్డు వెనక గోడకి ఆనించి పెట్టాను. తూకానికి వేసినా పది టీ డబ్బులు రావు.

నీ నాలుగు వేలు వచ్చాయి. దాని సంగతి తర్వాత మాట్లాడదాం. తమ్ముడి దగ్గర డబ్బుకి మొహమాటపడే అక్కని నిన్నే చూశాను. చిన్నప్పుడు నా చేతిలో బిళ్లలు లాక్కుని తినేటప్పుడు ఈ మొహమాటం ఏమైంది?

ఒక ముచ్చట చెబుతాను విను. బండి ఎంత వెలిసిపోయినా దాని పుట్టుక రంగు ఒకచోట దాక్కుని ఉంటుంది. పెట్రోలు పోసే చోట చిన్న మూత తలుపు ఉంటుందే, అది తెరిస్తే లోపల వేలెడంత మేర ఎండ తగలదు. మా పనివాళ్లు రంగు కలపాలంటే ముందు అక్కడే చూస్తారు. తెరిచాను. అదే వంకాయ! బావ నా మీద కేకలేసిన రోజు ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. చాలాసేపు ఆ మూత తెరిచి పట్టుకుని నిలబడ్డాను.

ఇరవయ్యో తేదీకి పంపిస్తాను. ఇంతకన్నా ఇప్పుడేమీ అడక్కు.

నీ
చిన్నోడు

*

మార్చి 11

చిన్నోడా,

పెట్రోలు మూత అంటావు, ఏమీ అడక్కు అంటావు. నాకేదో కంగారుగా ఉంది. తలుపు ఒక్కటే అన్నాను, గుర్తుందా? మిగతాది ముట్టుకోకు. నీకు దణ్ణం పెడతాను.

కారు పోయిన రోజు నుంచీ పొద్దున్నే దాని చోట నేను నిలబడుతున్నాను. ఆరింటి నుంచి ఏడింటి దాకా, గేటు బయట. మీ బావ మలుపు తిరిగి లెక్కపెట్టుకుంటూ వస్తారు. పెదాలు కదులుతుంటాయి. నన్ను చూసి ఆగుతారు. రెండుసార్లు ఆగలేదు. నన్ను దాటి నాలుగిళ్లు పోయాక పరిగెత్తుకుంటూ వెళ్లి చెయ్యి పట్టుకుని తెచ్చాను. "ఇక్కడ మా కారుండాలే" అన్నారు. బాగుచేయించడానికి పంపాం, వచ్చేస్తుంది అన్నాను. "వస్తే చాలు" అన్నారు.

నడక మాన్పించెయ్యమని టైలరు అన్నాడు. ఆ ఒక్క గంటే ఆయన పాత మనిషిలా ఉంటారు, అది కూడా లాక్కోవడానికి నాకు చేతులు రావడం లేదు. ఇంతకన్నా రాయలేను. తొందరగా పంపించు.

అక్క

*

మార్చి 20
(డ్రైవరు చేతికిచ్చి)

అక్కా,

కోప్పడకు. నువ్వు తలుపు ఒక్కటే అన్నావు, నేను వినలేదు. మొత్తం బండి వేశాను. పద్దెనిమిది రోజులు వేరే పని ముట్టుకోలేదు. గీకడం దగ్గర్నుంచి మెరుపు కోటు దాకా అన్నీ నా చేత్తోనే చేశాను. డెంటరుని పక్కన కూడా నిలబడనివ్వలేదు. పెట్రోలు మూత లోపలి రంగుకి, బయట రంగుకి వెంట్రుకవాసి తేడా ఉంటే నా రంగు కొట్టే గన్ను కాలవలో పారేస్తాను.

నీ నాలుగు వేలు సీటు కింద కవర్లో ఉన్నాయి. ఖర్చెంతయిందని మాత్రం అడగొద్దు. పద్నాలుగేళ్ల కింద బావని నలుగురిలో నవ్వులపాలు చేసినవాణ్ణి, ఆ రోజు బండి ఎలా ఉందో అలా చేసి ఇస్తున్నాను. ఆయన చూసి ఒక్కసారి "బాగుందిరా" అంటే నాకు అదే కూలి. అన్నారని రాస్తే మర్నాడే బయల్దేరి వచ్చి కాళ్లు పట్టుకుంటాను.

పొద్దున్నే చేరేలా తెల్లవారుజామున బయల్దేరమన్నాను. గేటు ముందు పెట్టించు. చూస్తే నువ్వే గుర్తుపట్టలేవు!

నీ
చిన్నోడు

*

ఏప్రిల్ 2

చిన్నోడా,

పది రోజులుగా నీకు రాయాలని కూర్చుంటున్నాను. తిట్లు తప్ప రావడం లేదు. అవి రాస్తే నాకేం ఒరుగుతుందని చింపేస్తున్నాను. ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇరవై ఒకటిన పొద్దున ఆరుంబావుకి కారు వచ్చింది. నేను గేటు ముందే నిలబడి ఉన్నాను. మీ బావ అప్పటికే నడకకి వెళ్లారు. డ్రైవరు కారు ఎప్పుడూ ఉండే చోటే పెట్టాడు. వంకాయ రంగు. నీ మీద కోపం రాలేదు, అదే నా తలరాత. దాని మీద చెయ్యి వెయ్యబోతే నా మొహం కనపడింది. కొన్న రోజు దాని పక్కన నిలబడి ఫోటో దిగినప్పుడు నేనెలా ఉన్నానో గుర్తొచ్చి నవ్వుకున్నాను. కారు వచ్చేసిందిగా, ఇంక నేను నిలబడక్కర్లేదు అనుకున్నాను. డ్రైవరు తెల్లవారుజాము నుంచి తోలాడు కదా పాపం అని లోపలికెళ్లి టీ పెట్టాను.

ఆ టీ కాగే లోపు మీ బావ వచ్చారు, పోయారు. ఎదురింటావిడ మేడ మీద నుంచి చూసిందట. లెక్కపెట్టుకుంటూ వచ్చి సరిగ్గా మా గేటు దగ్గరే ఆగారట. కారు వైపు చూశారట. అటూ ఇటూ చూసి, చెయ్యి ఎత్తి కారుకి తగలకుండా తప్పుకుని, మళ్లీ పెదాలు కదుపుకుంటూ ముందుకి పోయారట. ఆవిడ ఇంకో చుట్టు నడుస్తున్నారేమో అనుకుంది.

ఏడైంది, ఎనిమిదైంది. టైలరు స్కూటరు తీశాడు. డ్రైవరు ఆ కొత్త కారే వేసుకుని ఊరంతా తిరిగాడు. నేను వీధి చివర నిలబడి వచ్చే పోయే వాళ్లని అడిగాను. ఆ రోజు దొరకలేదు. మర్నాడు మధ్యాహ్నం పోలీసులు కబురు పెట్టారు. పెద్ద రోడ్డు మీద, పద్దెనిమిది కిలోమీటర్ల అవతల, తారు వేసే కూలీలు చూసి కూర్చోబెట్టారు. ఒక కాలికే చెప్పు ఉంది. రెండు అరికాళ్ల తోలూ ఊడిపోయింది. మంచినీళ్లిస్తే తీసుకోకుండా ముందు అంకె చెప్పారట, మర్చిపోతానేమో రాసుకోండని. ముప్పై వేల చిల్లర. అడుగులు.

నేను వెళ్లేసరికి బెంచీ మీద ఉన్నారు. "ఎక్కడికెళ్లారండీ?" అన్నాను. "నా లెక్క కరెక్టే. రెండు వందల ఇరవైకి ఆగాను. ఇల్లే లేదక్కడ" అన్నారు.

ఇంటికి తెచ్చాం. ఇంటికి అని నేను అంటున్నాను. ఆయనకి కాదు. ఆ రోజు నుంచీ నన్ను "మీరు" అంటున్నారు. మంచం అంచున కూర్చుంటారు, వాళ్లింటికీ వీళ్లింటికీ వెళ్లినవాళ్లు కూర్చున్నట్టు. దాహమేస్తే "ఏమనుకోకపోతే కాసిని మంచినీళ్లు" అంటారు. కాళ్లకి కట్లు మార్చేటప్పుడు "మీకు శ్రమ ఇస్తున్నానమ్మా, మా కారు రాగానే వెళ్లిపోతాను" అంటారు. కిటికీలోంచి చూసి "మీ కారు బాగుందండీ" అన్నారు. నువ్వు కోరుకున్న మాట అదే కదా, అందుకని రాస్తున్నాను.

ఇప్పుడు గేటుకి తాళం.

ఆ రోజు డబ్బు లేదని రాశాను. అబద్ధం. డబ్బుంది. నీ బావకి ఇల్లు తెలియడం లేదురా, ఆ వెలిసిన కారు ఒక్కటే తెలుస్తోంది అని రాయడానికి సిగ్గేసింది. ఆ గీత కూడా ఆయన చేసిందే. చివరిసారి నడిపినప్పుడు గేటు కనపడి కూడా ఆగలేదు. అప్పుడే తాళంచెవులు దాచాను. ఇవన్నీ ముందే రాయాల్సింది.

అక్క

*

ఏప్రిల్ 9

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలు నా చెవి దగ్గర నోరు పెట్టి చదివి వినిపించింది. సగంలో ఆపేసి లోపలికెళ్లిపోయింది. మిగతాది నేను చదువుకున్నాను.

నువ్వు దాచావని నన్ను కాపాడకు. ఏం దాచావు? మొదటి ఉత్తరంలోనే రాశావు, కారు కనపడితే ఆగుతారని. రెండోదాంట్లో గుర్తు అని రాశావు. నాకు రంగులు చూడటం వచ్చు, ఉత్తరం చదవడం రాదు. నువ్వు డబ్బుకి మొహమాటపడుతున్నావనే అనుకున్నాను. నువ్వు దణ్ణం పెట్టిన ఉత్తరం అందే వేళకి బండి ఒంటి మీద పాత రంగు గోరంత కూడా లేదు. చదివి జేబులో పెట్టుకుని గన్ను పట్టుకున్నాను. చూశాక తనే మెచ్చుకుంటుందిలే అనుకున్నాను.

నాలుగు రోజుల నుంచీ ఆ ఉల్లిపొట్టు రంగు కలుపుతున్నాను. నమూనాకి పదిహేడు రేకు ముక్కల మీద వేశాను. తెలుపు కలిపాను, బూడిద కలిపాను, మెరుపు చంపడానికి పొడి కలిపాను. ఎండలో పెట్టి చూస్తే ఒక్కటీ అది కాదు. పాత రంగు ఏదైనా కలిపి ఇవ్వగలను గానీ ఎండ కలపడం నాకు రాదు. పైకప్పు ఒక రకంగా వెలిసింది, పక్కలు ఒక రకంగా వెలిశాయి. నేను కావాలని వేస్తే అది ముసలి వేషం వేసుకున్న కుర్రదానిలా ఉంది. అయినా దగ్గరగా వచ్చినవి నాలుగు రేకులు పంపుతున్నాను. ఏదైనా ఒకటి బావకి చూపించు. గుర్తుపడితే మళ్లీ మొత్తం బండి గీకుతాను.

నేను వస్తాను. రమ్మంటే ఈ రాత్రి బస్సుకే వస్తాను.

చిన్నోడు

*

ఏప్రిల్ 17

చిన్నోడా,

రావద్దు. వచ్చి ఏం చేస్తావు? నా ముందు కూర్చుని ఏడుస్తావు. నిన్ను ఓదార్చే ఓపిక నాకిప్పుడు లేదు.

రేకులు చూపించాను. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని మర్యాదగా చూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి తిరిగి ఇచ్చేశారు. "నేను ఇల్లు కట్టించడం లేదమ్మా, ఇవి మీ దగ్గరే ఉంచండి" అన్నారు. టైలరు ఎక్కడెక్కడో వెతికి ఆ రంగు గుడ్డ తెచ్చి కారుకి ముసుగు కుట్టాడు. కూలి తీసుకోలేదు. మీ బావ గేటు ఊచల్లోంచి చెయ్యి పెట్టి ముసుగు కాస్త ఎత్తి చూసి, మళ్లీ సర్దేశారు. వేరేవాళ్ల సామాను ముట్టుకోకూడదన్నారు.

అరికాళ్లు మానుతున్నాయి. అదే నాకు భయంగా ఉంది. మానితే పొద్దున్నే లేచి గేటు ఊపుతారు. నిన్న తాళం పట్టుకుని అరగంట నిలబడ్డారు. "నన్నెందుకు ఉంచారమ్మా ఇక్కడ? నేనేం చేశాను?" అన్నారు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి నన్ను జైలరుని చూసినట్టు చూశారు. చిన్నోడా, పొద్దునైతే చాలు ముందు వెళ్లి తాళం లాగి చూసుకుంటున్నాను. ఈయన కన్నా ముందు నేను పోతే బాగుండునని ఒకసారి, నేను పోతే ఈయనకి నీళ్లెవరిస్తారని ఒకసారి, ఇదే నా రోజు.

రంగులు కలపడం ఆపు. కంటిచూపు పాడుచేసుకోకు.

అక్క

*

ఏప్రిల్ 25

అక్కా,

రావద్దన్నావు, రాను. రంగులు ఆపేశాను.

షెడ్డు వెనక గోడ దగ్గర ఆ తలుపు అలాగే ఉంది. నువ్వు ఏ గీత పోగొట్టమన్నావో ఆ తలుపే. తుక్కు వాడు రెండుసార్లు వచ్చాడు, ఎందుకో ఇవ్వలేదు. దాని మీద నేను తడిగుడ్డ కూడా వెయ్యలేదు. మీ వీధి దుమ్ము అలాగే ఉంది. బావకి తెలిసిన రంగులో ఇంక మిగిలింది అదొక్కటే. లారీకి ఎక్కించాను. పనికి రాకపోతే పారెయ్యి.

చిన్నోడు

*

మే 6

చిన్నోడా,

తలుపు అందింది. లారీ వాళ్లు గోనెపట్టాతో సహా గేటు బయట గోడకి ఆనించి పోయారు. నేనూ టైలరూ పట్టా విప్పాం. ఎంత చిన్నగా ఉందో. కారుకి ఉన్నప్పుడు అంత చిన్నదనిపించలేదు.

మొన్న సాయంత్రం తాళం తీసి, మీ బావ చెయ్యి పట్టుకుని మెల్లిగా బయటికి నడిపించాను. ముసుగేసిన కారు పక్క నుంచి మామూలుగానే తప్పుకున్నారు. అటు తిరిగి తలుపు చూశారు. ఆగిపోయారు. నా చెయ్యి వదిలించుకుని, వంగి, హ్యాండిలు కింద వేలు పెట్టి గీత ఆ చివరి దాకా తడిమారు.

"ఎవరు చేశారీ పని?"

చిన్నోడా, ఆ మాట వినలేకే కదా ఫిబ్రవరిలో నీకు ఉత్తరం రాసింది. మొన్న అది వినపడగానే గోడ పట్టుకుని ఏడ్చాను. నేను నోరు తెరిచే లోపు టైలరు ముందుకొచ్చాడు. చేతులు కట్టుకుని "నేనేనండీ. నా స్కూటరే తగిలింది" అన్నాడు. మొదట్లో నేను కాదు కాదని మొత్తుకున్న మనిషి. మీ బావ కడుపునిండా తిట్టారు. కళ్లు పెట్టుకున్నావా, నెత్తిన పెట్టుకున్నావా అన్నారు. ఆయన గొంతు అంత పెద్దగా విని ఎన్నాళ్లయింది! టైలరు తలొంచుకుని అన్నీ పడ్డాడు. అతని కళ్లూ తడిగానే ఉన్నాయి.

తర్వాత మీ బావ నా వైపు తిరిగి, "ఏమే, అలా నిలబడతావేం? ఎక్కు. చీకటి పడకముందే ఇంటికి చేరాలి" అన్నారు.

ఏమే అన్నారు. ఆరు వారాల తర్వాత.

గోడ కింద సిమెంటు దిమ్మ ఉంది కదా, దాని మీద కూర్చున్నారు. తలుపుని రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, కారెక్కి వేసుకున్నంత పనిచేశారు. మా గేటు వెనకే, నాలుగడుగులు. ఇల్లు ఇదేనండీ అందామని నోటిదాకా వచ్చింది. అంటే మళ్లీ మీరు అంటారేమోనని అనలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

చాలాసేపు కూర్చున్నాం. ఒకసారి "ఇంకా ఎంత దూరం?" అన్నారు. దగ్గరికొచ్చేశాం అన్నాను.

నిన్నా అంతే, ఈ రోజూ అంతే. టైలరు షాపు తెరవబోయే ముందు వచ్చి తిట్లు తిని పోతున్నాడు. తిట్టాక నన్ను ఎక్కమంటారు. లోపలికి తీసుకొచ్చాక మళ్లీ "మీకు శ్రమ" మొదలు. ఇల్లు ఇంక తెలియదని డాక్టరు చెప్పేశాడు. అడిగి అడిగి నేనే చెప్పించుకున్నాను.

నిన్ను రావద్దని రాశాను. రా. ఆయన కాళ్లేమీ పట్టుకోకు, నువ్వెవరో తెలియదు, కంగారుపడతారు. ఊరికే వచ్చి మా వెనక కూర్చో. చోటుంది.

అక్క